ఇద్దరాడే ఆటలే మేలు

బాచుపల్లి హాస్టల్ గదుల్లో ఈనాడు ఆటలకేం కొదవలేదు. కొదవల్లా పక్కన కూర్చుని ఆడేవాడికే! నలుగురుంటే నాలుగు ఫోన్లు, నాలుగు లోకాలు. అందుకే కామన్ రూములో పాతకాలపు వీడియో గేమ్ ఒకటి పెట్టాలంటాను.

1983లో జపాన్‌లో నింటెండో వారు 'ఫ్యామిలీ కంప్యూటర్' తెచ్చారు. దాని నకళ్లే 90వ దశకంలో క్యాసెట్లతో సహా మన మధ్యతరగతి ఇళ్లలో టీవీ ముందుకు చేరాయి. మరి వాటిలో ఏ ఆటలు మేలైనవి?

అందరూ ముందు 'సూపర్ మారియో బ్రదర్స్' (1985) అంటారు. 40 కిలోబైట్లలో అంత లోకాన్ని ఇమిడ్చిన ఆట గొప్పదే, కాదనను. కాని అందులో ఒకడు ఆడుతుంటే రెండోవాడు చూస్తూ కూర్చోవాలి. నా ఓటు 'బ్యాటిల్ సిటీ'కి (1985), 'కాంట్రా'కి (1988). మొదటిదాంట్లో శత్రువు గుండే కాదు, మన గుండు తగిలినా మనం కాపాడుకోవాల్సిన గద్ద కూలుతుంది. కాంట్రాలో జలపాతం ఎక్కేటప్పుడు ఒకడు తొందరపడి పైకి పోతే తెర కూడా వాడితోపాటే జరుగుతుంది. కింద మిగిలినవాడి ప్రాణం పోతుంది. ఈ పాఠం ఏ సిలబస్‌లో ఉంది?

"ఇంజనీరింగ్ చదివేవాళ్లకు పిల్లకాయల ఆటలా?" అని పెద్దలు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. రేపు హైటెక్ సిటీలో ఏ కొలువు దొరికినా పని చేయాల్సింది నలుగురితోనే కదా! మిత్రులారా, పైకెక్కడం మనకు బాగానే నేర్పుతున్నారు. ఎక్కుతూ ఒక్కసారి కిందకు చూడడం ఎవరు నేర్పుతారు?