విత్తనానికి నాలుగు షాపులు తిరుగుతాం... పిల్లల గ్రూపుకో?

రోహిణి కార్తె వచ్చిందంటే మన జిల్లా రైతుకు రెండు పనులు ఒకేసారి మీద పడతాయి. ఒకటి విత్తనాలు కొనడం. రెండోది పది పాసైన పిల్లల్ని ఇంటర్లో చేర్పించడం.

మొదటి పనికి మనం ఎంత తిరుగుతామో అందరికీ తెలుసు. పత్తి గింజల పాకెట్టు ఒక్కటి కొనాలంటే ఖమ్మంలో నాలుగు షాపులు ఎక్కి దిగుతాం. నిరుడు ఆ రకం వేసిన వాడిని వెతికి పట్టుకుని కాపు ఎట్లా వచ్చిందని అడుగుతాం. లాట్ నంబరు చూస్తాం. బిల్లు లేకుండా తీసుకోం. ఎందుకంటే విత్తనం తేడా వస్తే ఆ ఏడు పంట పోయినట్టే.

మరి రెండో పనికి? అరగంట. పక్కింటి వాడి కొడుకు ఏ గ్రూపులో చేరితే మనవాడూ అదే. లేదంటే దగ్గర్లో ఏ కాలేజీ వుంటే, అందులో ఏ గ్రూపు వుంటే అదే. విత్తనం తప్పు పడితే ఒక పంటే పోతుంది. గ్రూపు తప్పు పడితే మళ్లీ విత్తడానికి అదను దొరకదు.

నా సంగతే చెబుతాను. నేను 1996లో పది పాసయ్యాను. సైన్సులో మార్కులు బాగానే వచ్చాయి. మా ఊరికి ఆరు కిలోమీటర్లలో వున్న కాలేజీలో సీఈసీ, హెచ్ఈసీ తప్ప వేరే గ్రూపుల్లేవు. సైకిల్ మీద పోయి రావచ్చు, పొద్దున్నే గేదెల పని చూసుకోవచ్చు అని మా నాన్న అందులో చేర్పించాడు. ఆయన తప్పేం లేదు, చెప్పేవాళ్లు లేరు. ఇంటర్ పాసయ్యాక పశువుల డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టుకుందామని పోతే, అది బైపీసీ వాళ్లకే అన్నారు. పరీక్ష రాసి తప్పితే ఆ బాధ వేరు. అసలు రాసే అర్హతే నీకు లేదు అంటే ఆ బాధ వేరు. నా చదువు ఆ ఇంటర్ తోనే ఆగింది. అందుకే ఈ మాటలు రాస్తున్నాను.

మూడు సబ్జెక్టుల లెక్క

డాక్టరు చదువుకు కావలసినవి ఇంటర్లో మూడు సబ్జెక్టులు: ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ. మన దగ్గర బయాలజీని బాటనీ, జువాలజీ అని రెండుగా చదువుతారు. ఈ మూడూ వున్న గ్రూపు బైపీసీ. వీటితో పాటు ఇంగ్లీషు కూడా పాసై వుండాలి. ఈ మూడింట్లో కలిపి ఓసీలకు 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు రావాలి. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఆపైన నీట్ పరీక్ష రాంకును బట్టి సీటు.

నీట్ మొత్తం 720 మార్కులకు. అందులో బయాలజీకి 360, ఫిజిక్సుకు 180, కెమిస్ట్రీకి 180. ఒక్కో తప్పు జవాబుకు ఒక మార్కు కోసేస్తారు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు కాబట్టి తెలుగు మీడియం పిల్లలు ముందే బెదరాల్సిన పని లేదు. అయితే సీటు వచ్చాక చదువంతా ఇంగ్లీషులోనే. ఇప్పటి నుంచే పుస్తకంలోని ఇంగ్లీషు పేర్లు అలవాటు చేసుకోవడం మంచిది.

'లెక్కలు రావు, బైపీసీలో వేద్దాం'

ఊళ్లలో ఎక్కువగా వినే మాట ఇది. ఇందులో సగమే నిజం. బైపీసీలో లెక్కల సబ్జెక్టు లేని మాట నిజమే. కానీ ఫిజిక్సు నిండా లెక్కలే. కెమిస్ట్రీలోనూ కొంత తప్పదు. బయాలజీ కంఠతా పట్టిన పిల్లలు కూడా నీట్ లో వెనకబడేది చాలావరకు ఫిజిక్సు దగ్గరే. పొలానికి నీళ్లు పెట్టి ఎరువు మానేసినట్టు వుంటుంది వాళ్ల పని.

కాబట్టి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో మీ పిల్ల డాక్టరు అవుతానంటే 'అయితే నీకు లెక్కలెందుకులే' అనకండి. ఆ మూడేళ్ల లెక్కల మీదే రేపు ఇంటర్ ఫిజిక్సు నిలబడాలి. మార్కుల కాగితం వచ్చినప్పుడు మొత్తం ఎంత అని చూసి వదిలేయకుండా, భౌతికశాస్త్రంలో ఎంత, జీవశాస్త్రంలో ఎంత, లెక్కల్లో ఎంత అని విడివిడిగా చూడండి. అర్థం కాకపోతే సైన్సు మాస్టారును అడగండి. ఆయన కాదనరు.

డాక్టరు కాకపోతే ఏమవుతుంది?

ఇది న్యాయమైన ప్రశ్న. నీట్ రాసిన వాళ్లందరికీ సీటు రాదు. చాలామందికి రాదు. అది దాచిపెట్టి చెప్పడం మోసం.

కానీ బైపీసీ చదివిన పిల్లకు ఎంబీబీఎస్ ఒక్కటే దారి కాదు. ఆయుర్వేదం, హోమియో వున్నాయి. అవి కూడా నీట్ రాంకు మీదే. పశువుల డాక్టరు చదువుంది. వ్యవసాయ డిగ్రీ వుంది. దానికి మన పక్కనే అశ్వారావుపేటలో కాలేజీ వుంది, రైతు బిడ్డలకు ప్రత్యేకంగా కోటా వుంది. నర్సింగ్ డిగ్రీ, ఫిజియోథెరపీ, ఫార్మసీ వున్నాయి. వీటిలో ఫార్మసీ తప్పిస్తే తక్కినవాటికి బయాలజీయే ప్రాణం. ఫార్మసీలో మాత్రం ఎంపీసీ వాళ్లు కూడా చేరవచ్చు.

పోయేదేమిటో కూడా చెప్పాలి. బైపీసీ తీసుకుంటే ఇంజినీరింగు దారి చాలావరకు మూసుకుంటుంది. పిల్లవాడి మనసు మోటార్ల మీద, కంప్యూటర్ల మీద వుంటే వాణ్ణి బైపీసీలో కూచోబెట్టడం నల్లరేగడిలో వేరుశనగ వేసినట్టే. మొక్క వస్తుంది, కాయ రాదు. ఎటూ తేల్చుకోలేని వాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ లో 2025-26 నుంచి లెక్కలు, బయాలజీ రెండూ కలిపి చదివే ఎంబైపీసీ పెట్టారు. భారం ఎక్కువే, కానీ రెండు తలుపులూ తెరిచి వుంటాయి. అట్లాంటి ఏర్పాటు మన దగ్గర కూడా ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వుండాలన్నది నా అభిప్రాయం.

ఎంపీసీలో చేరిపోయి తర్వాత మనసు మార్చుకున్న వాళ్లకు ఒక చిన్న దారి వుంది. ఇంటర్ అయ్యాక గుర్తింపు వున్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. అయితే అది చుట్టుదారి. ఒక ఏడాది ఖర్చవుతుంది. ముందే సరైన బస్సు ఎక్కితే ఆ తిప్పలుండవు.

ఎన్టీఆర్ జిల్లా సరిహద్దు దాటే ముందు

మధిర, ఎర్రుపాలెం, సత్తుపల్లి వైపు రైతులు ఈ సంగతి రెండుసార్లు చదవండి. మనవాళ్లకు విజయవాడ దగ్గర. ఇంటర్ కు పిల్లల్ని అక్కడ వేయడం ఎప్పటి నుంచో వున్న అలవాటు. ఇప్పుడు ఆ అలవాటు ఖరీదైనది.

తెలంగాణ మెడికల్ కాలేజీల్లో మన రాష్ట్రం కోటాలో సీటు కావాలంటే స్థానికత వుండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదవాలి. ఇంటర్ ఇక్కడే పాసవ్వాలి. 2024 జూలైలో జీవో 33 ద్వారా ఈ నిబంధన పెట్టారు. దాని మీద కోర్టులకెక్కారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నిబంధన సరైనదేనని తేల్చేసింది. బయట రాష్ట్రాల్లో పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి. మిరప రైతు బిడ్డకు అట్లాంటి మినహాయింపు లేదు.

తాతల నాటి నుంచి ఇక్కడే పొలం వుంది, పాస్ బుక్కు వుంది, ఓటు వుంది అంటే కుదరదు. చదివింది ఎక్కడ అన్నదే చూస్తారు. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి. మిగతా 85 శాతం రాష్ట్రం కోటా. రెండేళ్ల హాస్టల్ కోసం అంత పెద్ద వాటా వదులుకోవడమా? కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మన గడపలోకి కాలేజీ వచ్చాక మన పిల్లలు స్థానికేతరులు అయితే అంతకన్నా విచారం వుండదు.

పరీక్షలు కాకముందే బైకుల మీద ఊళ్లలో తిరిగి 'రాయితీ సీటు' అని అడ్వాన్సు పట్టుకుపోయే ఏజెంట్లు ఈ సంగతి చెప్పరు. వాళ్లకు కావలసింది అడ్మిషన్. సంతకం పెట్టే ముందు 'ఈ కాలేజీ ఏ రాష్ట్రంలో వుంది, మా పిల్ల స్థానికత ఏమవుతుంది' అని మీరే అడగండి.

పొలం అమ్మకుండానే

మన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ చదవడానికి ఎకరం అమ్మనక్కర్లేదు. ట్యూషన్ ఫీజు లేదు. గురుకుల కాలేజీల్లో సీటు వస్తే తిండి, వసతి కూడా వాళ్లవే. ఖర్చంతా ప్రైవేటు కోచింగుల దగ్గర మొదలవుతుంది. కోచింగు పెట్టించాలా వద్దా అన్నది మీ పంటను, పిల్ల పట్టుదలను చూసి తర్వాత ఆలోచించుకోవచ్చు. గ్రూపు మాత్రం ఇప్పుడే తేల్చాలి. సీటు వచ్చినా ప్రభుత్వ కాలేజీ ఫీజు వేలల్లో వుంటుంది, ప్రైవేటు యాజమాన్య కోటా ఫీజు లక్షల్లో వుంటుంది. రెండోదాని కోసం అప్పు చేసి పొలం పోగొట్టుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఇంకొక్క మాట, ఆడపిల్లల గురించి. కొడుకునైతే ఖమ్మం పంపి బైపీసీ చదివిస్తాం. కూతురికి మాత్రం 'దగ్గర్లో వున్నదేదో చదువుకో' అంటాం. దగ్గర్లో ఆ గ్రూపు లేకపోతే ఆ పిల్ల దారి అక్కడితో ఆగిపోతుంది. బస్ పాస్ కో, హాస్టల్ కో అయ్యే కాస్త ఖర్చుకు వెనకాడి అంత పని చేయొద్దు.

ఈ వారంలో ఒక సాయంత్రం పొలం పని కాస్త ముందే ముగించుకుని పిల్లను ఎదురుగా కూచోబెట్టుకోండి. 'నీకు ఏది ఇష్టం, ఎందుకిష్టం' అని అడగండి. వాళ్ల మాస్టారుతో మాట్లాడండి. ఆ చదువు చదివిన పిల్లలు ఊళ్లో ఎవరైనా వుంటే పిలిపించి అడగండి. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పాస్ బుక్కుతో పాటే పెట్టెలో దాచండి. విత్తనం బిల్లు దాచుకునే మనకు ఇదేం కొత్త పని కాదు.