సిగ్నల్ దగ్గర ఆగిపోయే కారు

కిచెనర్ చలిలో పిల్లల్ని బడికి దింపే వేళ, రెడ్ లైట్ దగ్గర పాత కారు గజగజ వణికి ఆగిపోతే భయం వేస్తుంది కదూ? ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది, అయినా పనిచేస్తాయి. బ్రేకు పదేపదే తొక్కకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టండి.

గ్యారేజీకి వెళ్ళేముందు కాస్త గమనించండి. ఆగినప్పుడే వణికి, వేగం అందుకోగానే సర్దుకుంటోందా? పగిలిన రబ్బరు గొట్టంలోంచి ఇంజన్‌లోకి గాలి చొరబడుతూ ఉండొచ్చు, లేదా థ్రాటిల్ బాడీకి మసి పట్టి ఉండొచ్చు. వేగంలోనూ కుదుపుతోందా? స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూడమనండి. చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతుంటే మాత్రం ఇక నడపకండి; కాలని పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. అది మార్చాలంటే చాలా ఖర్చు.

స్కానర్ చూపే కోడ్ జ్వరం లాంటిది, కారణం వెతకాల్సిందే. అందుకే, ఏదైనా మార్చేముందు రాతపూర్వకంగా ఎస్టిమేట్ అడగండి. ఒంటారియో వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు దానికి 10 శాతం మించకూడదు. కొత్త భాగాలకూ పనికీ 90 రోజులు లేదా 5,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంటుంది. తీసేసిన పాత భాగాలు కూడా అడిగి తీసుకోండి.