ఓటర్ల జాబితాను ఊరి ముందు చదివించాలి

పెద్దమండ్యం మండల ఓటర్లకు

పద్దెనిమిదేళ్లు నిండిన పౌరులకు ఓటు హక్కు ఉంటుందని రాజ్యాంగంలోని 326వ అధికరణం చెబుతున్నా, పోలింగ్ కేంద్రంలో ఆ హక్కుకు ఆధారం ఓటర్ల జాబితాలోని ఒక్క వరుస మాత్రమే. ఆ వరుసలో పేరు లేకపోతే చేతిలో ఓటరు కార్డు ఉన్నా ప్రయోజనం లేదు. అందువల్ల ఈ మండలంలో ఎన్నికల సన్నాహం ప్రచార రథాలతో కాక, ప్రతి పల్లెలోనూ జాబితాను బిగ్గరగా చదివించడంతో మొదలు కావాలి.

గ్రామ పంచాయతీ ఓటర్ల జాబితాను శాసనసభ నియోజకవర్గపు జాబితా నుంచే, అంటే ఇక్కడ తంబళ్లపల్లె జాబితా నుంచి, వార్డులవారీగా విడదీసి తయారు చేస్తారు గనుక, అందులో దొర్లిన తప్పు వార్డు సభ్యుని ఎన్నిక నుంచి రాజంపేట లోక్‌సభ ఎన్నిక దాకా వెంటాడుతుంది. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు 2019 నాటి జాబితాతోనే జరగడంతో, ఆ నడుమ పద్దెనిమిదేళ్లు నిండిన యువత రాష్ట్రమంతటా ఓటుకు దూరమైంది. 2019 సాధారణ ఎన్నికలకు ముందైతే, పేరు తొలగించమని కోరే ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో దాఖలై, వ్యవహారం పోలీసు కేసుల దాకా వెళ్లింది.

చెనక్కాయ పంట చేతికి రాని ఏడాది ఇంటికి తాళం వేసి బెంగళూరు పనులకు వెళ్లే కుటుంబాల సంగతి మరింత చిక్కుతో కూడినది. కుప్పంలో ఉదయం రైలెక్కి రాత్రికి ఇల్లు చేరే కార్మికునికి ఈ ఇబ్బంది లేదు గాని, పిల్లలతో సహా తరలిపోయినవారి విషయంలో 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ‘సాధారణ నివాసం’ ఎక్కడని అడుగుతుంది. అంటే మామూలుగా ఉండే చోటన్నమాట. రెండుచోట్లా పేరు ఉంచుకోవడం తెలివి అనుకునేవారు లేకపోలేదు, అయితే అదే చట్టం దానిని నిషేధించింది; తప్పుడు ప్రకటనతో పేరు రాయించుకుంటే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. కువైట్‌లో ఉన్నవారు ఫారం 6ఏ ద్వారా సొంతూరిలో నమోదు కావచ్చు, కాని ఓటు వేయడానికి పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి.

జాబితాను గ్రామసభలో చదవాలన్న సూచన ఎన్నికల సంఘం పద్ధతిలో ఉన్నదే. అయితే అది పంచాయతీ కేంద్రంలో పదిమంది ఎదుట ముగిసిపోతే, దూరపు పల్లెలకూ దళితవాడలకూ ఒరిగేదేమీ లేదు. వీధి అరుగు మీద ఇంటి నంబరుతో సహా ఒక్కొక్క పేరు చదివినప్పుడే, చనిపోయినవారి పేరు ఇంకా మిగిలి ఉన్నదనీ, రెడ్డెమ్మ ‘రెడ్డమ్మ’గా మారిందనీ, అత్తవారింటికి వచ్చిన కోడలి పేరు పుట్టినూరిలోనే నిలిచిపోయిందనీ విన్నవారు అక్కడికక్కడే చెప్పగలుగుతారు. కొత్త పేరుకు ఫారం 6, సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం 8 చాలు. పద్దెనిమిదేళ్లు నిండాయా లేదా అని లెక్కించే అర్హత తేదీలు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు కావడంతో, పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ పఠనానికి తగిన సమయం సంక్రాంతి, ఎందుకంటే బెంగళూరు వెళ్లినవారు ఊళ్లో ఉండేది ఆ మూడు రోజులే. కనుమ నాటి ఉదయం పశువులను అలంకరించకముందే బూత్ స్థాయి అధికారిని, అంటే ఆ పోలింగ్ కేంద్రపు జాబితాను చూసుకునే ఉద్యోగిని, ఖాళీ ఫారాలతో సహా ఊళ్లోకి పిలిపించే పని పెద్దలు ఇప్పుడే తలకెత్తుకోవాలి.