మా మొహమాటం ఖరీదు

"సొంతంగా వ్యాపారం పెట్టాలని ఉంది గాని, కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. ఏం చేయమంటారు?" అని ఈ మధ్య ఒక చెల్లెలు మమ్మల్ని అడిగింది. సలహా చెప్పేటంతటి వాళ్ళం కాము. మేము పడిన పాట్లు మాత్రం చెప్పగలం.

మాది నరసాపురం దగ్గర పల్లె. 1844లో దుమ్ముగూడెంలో మిషనరీ దంపతులు మెక్‌రేలు నేర్పిన లేసు అల్లిక గోదావరి వెంట దిగివచ్చి మా ప్రాంతపు ఆడవారి చేతుల్లో నిలిచిందంటారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మా వీధిలోని 12 మంది అక్కచెల్లెళ్ళతో కలిసి మేమూ ఈ పని మొదలుపెట్టాము. అల్లిక బాగుండేది. అమ్మడమే చేతకాలేదు. ఇంటికొచ్చిన షావుకారు ఎంతంటే అంతకు తలూపేవాళ్ళం. అదే అణకువ అనుకున్నాము.

ఒక శనివారం కూలి పంచుతుంటే ఒక పెద్దమ్మ డబ్బు లెక్కపెట్టుకుని, "ఇరవై రోజులు దీపం ముందు కూర్చున్నాను నాయనా, ఇంతేనా?" అంది.

"షావుకారు ఇంతే ఇచ్చాడు పెద్దమ్మా."

"ఎక్కువ ఇమ్మని మీరడిగారా?"

మేము అడగలేదు. మా మొహమాటానికి ఖరీదు ఆవిడ కడుతోందని ఆ రోజే తెలిసింది.

విజయవాడలో ఒక ఎగ్జిబిషన్‌లో స్టాలు తీసుకున్నాము. మొదటి రోజు బల్ల వెనుక తల దించుకుని కూర్చున్నాము. ఎవరూ ఆగలేదు. రెండో రోజు ఊరికే కూర్చోలేక మాలో ఒకరం సూది, నూలుబంతి తీసి అల్లడం మొదలుపెట్టాము. జనం ఆగారు. "చేత్తోనేనా? ఎన్నాళ్ళు పడుతుంది?" అని వాళ్ళే అడిగారు. తెలిసిన సంగతి చెప్పడానికి భయమెందుకు? చెప్పాము.

మూడో రోజు మేమే ఒక ప్రశ్న అడిగాము: "ఇది ఇంట్లో ఎక్కడ పరుస్తారండి?" ఒకావిడ, "మా టేబులు గుండ్రం. మీవన్నీ పలకలే" అంది. నోటు పుస్తకంలో రాసుకున్నాము. తరువాత గుండ్రటివి అల్లించాము, అమ్ముడుపోయాయి.

ధర చెప్పడం ఇంకా కష్టమయింది. ఎదుటివారు బేరమాడకముందే మేమే తగ్గించేవాళ్ళం. చివరికి ఇంటి దగ్గరే నూలు, కూలి, దారి ఖర్చు, స్టాలు అద్దె, మా పాలు అన్నీ కూడి, ప్రతి ముక్కకూ చీటీ కట్టాము. ధర చెప్పి ఊరుకోవడం నేర్చుకున్నాము. ఊరుకోవడం మావంటివారికి తేలికే గదా!

ఆపైన వారానికి మూడు దుకాణాలు తిరిగాము. మొదటి దుకాణంవారు సంచి విప్పనివ్వలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. పదో దుకాణం దగ్గరికి వచ్చేసరికి, "వద్దు" అనేది లేసును గాని మమ్మల్ని కాదని అర్థమయింది. కొన్నవారికి పదిహేను రోజుల తరువాత ఫోను చేసి, ఉతికితే ఎలా ఉందో కనుక్కుంటాము. వారి మాట మీద వచ్చినవారే ఇప్పుడు మాకు ఎక్కువ.

ఇప్పటికీ స్టాలు తెరిచే ఉదయం కడుపులో తిప్పుతుంది. మా స్వభావం మారలేదు. కాని పెద్దమ్మకు ఇప్పుడు కూలి లెక్క మా చీటీ ప్రకారమే అందుతోంది.

కాబట్టి చెల్లెమ్మా, ధైర్యం వచ్చాక వెళ్దామని కూర్చోకు. ఈ వారం ఒక్క దుకాణానికి వెళ్ళు. ఒక్క ప్రశ్న అడుగు. వారేమన్నారో ఇంటికొచ్చి రాసుకో. పై వారం మళ్ళీ వెళ్ళు.