బిందెలు నిండితే బెంగ ఎందుకు?

పట్టిసీమ నుంచి ఒక అమ్మాయి ఇలా వ్రాసింది:

"మాస్టారూ! మా తాతయ్య శివరాత్రి తీర్థంలో పాడిన కీర్తనలు ఒక డీవీడీలో ఉన్నాయి. తాతయ్య ఇప్పుడు లేరు. డిస్కు మీద గీతలు పడ్డాయి. మా లినక్సు కంప్యూటరులో పెడితే, కాసేపటికి 4 జీబీల మెమరీలో ఖాళీయే లేకుండా పోయింది. యంత్రం పాడవుతుందని నాన్నగారు డిస్కు తీసేశారు. ఇక ఆ పాటలు మాకు దక్కవా?"

దక్కుతాయమ్మా! యంత్రానికి ఏమీ కాదని నాన్నగారికి చెప్పు.

కుళాయిలు లేనప్పుడు మీ ఊళ్ళో గోదావరి రేవుకు వెళ్ళి నీళ్ళు తెచ్చుకునేవారు. గ్లాసెడు నీళ్ళకోసం ఎవరైనా రేవు మెట్లు దిగి ఎక్కుతారా? ఎలాగూ వెళ్ళారు కనక బిందె నింపుకు వస్తారు. ఇంట్లో ఖాళీగా ఉన్న గుండిగ కూడా నింపి పెడతారు. ఇంతలో చుట్టాలు వచ్చారనుకో, గుండిగలో నీళ్ళు పారబోసి అందులో పులుసు కాస్తారు. నీళ్ళు పోయాయని ఎవరూ ఏడవరు. గోదావరి ఎక్కడికీ పోదు గదా!

లినక్సు చేసేదీ అదే. డీవీడీని మామూలు వేగంతో తిప్పితే సెకనుకు సుమారు 1.4 ఎంబీ వస్తుంది. 16 రెట్లు వేగంగా తిప్పినా 22 ఎంబీలే. మెమరీ అయితే సెకనుకు కొన్ని వేల ఎంబీలు అందిస్తుంది. అందుచేత డిస్కు నుంచి ఒకసారి వచ్చిన దాన్ని లినక్సు ఖాళీ మెమరీలో దాచుకుంటుంది. నువ్వు అడగకముందే తరవాతి ముక్క కూడా కొంచెం తెచ్చి పెడుతుంది. దీన్నే పేజీ క్యాష్ అంటారు. వేరే ప్రోగ్రాముకు చోటు కావలసివస్తే దీన్ని వదిలేస్తుంది. అసలుది డిస్కులో ఉండనే ఉంది.

"ఫ్రీ" అనే ఆజ్ఞ ఇచ్చి చూడు. అందులో "ఫ్రీ" అన్న గడి ఒట్టి బిందెలనే లెక్కపెడుతుంది. "ఎవైలబుల్" అన్న గడి, పారబోయటానికి వీలయిన వాటిని కూడా కలిపి చెబుతుంది. ఈ లెక్కను లినక్సు తానే కట్టి చెప్పటం 2014లో మొదలయింది. అంతకుముందు పెద్దవాళ్ళు కూడా మీ నాన్నగారిలాగే కంగారుపడేవారు.

అయితే నాన్నగారి మాట పూర్తిగా తప్పు కాదు. డీవీడీలో 4.7 జీబీలు పడతాయి. నకలు తీసేటప్పుడు ప్రతి ముక్కా ఒక్కసారే కావాలి. దాన్నంతా దాచటం, గేదెను ఏట్లోకి తోలకుండా దానికోసం ఇంటికి నీళ్ళు మోసినట్టుంటుంది. ఒక్కొక్కప్పుడు మిగతా ప్రోగ్రాములు నత్తనడక నడుస్తాయి. పైగా నీ డిస్కు గీతలు పడ్డది. ముందుముక్క తేబోయి యంత్రం గీత దగ్గర తడుముకుంటుంది.

అందుకని "డీడీరెస్క్యూ" అనే ఉచిత ప్రోగ్రాము వాడు. దానికి "మైనస్ డి" చేర్చితే, క్యాష్‌తో పని లేకుండా సరాసరి డిస్కు నుంచే చదువుతుంది. "మైనస్ బి 2048" కూడా చేర్చు. డీవీడీ మీద ఒక్కొక్క గడి 2048 బైట్లు. ఇది బాగున్న భాగాలను ముందు తీసుకుని, గీతల దగ్గరికి తరవాత వస్తుంది. ఎంతవరకు అయిందో ఒక పట్టీలో వ్రాసుకుంటుంది కనక, మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ అక్కడినుంచే సాగుతుంది. రాత్రంతా పట్టినా విసుక్కోకు.

అంతవరకు డిస్కును ఎండలో పెట్టకు. ఇంట్లో వ్రాసుకున్న డిస్కుల్లో ఉండే రంగు ఎండకు చెడిపోతుంది. నకలు తయారయ్యాక, తాతయ్య మొదట పాడింది ఏ కీర్తనో మాకు వ్రాయి.