పాత కారులో ముల్లు నిజం చెప్పాలి

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంత గ్రామాలలో పాత అంబాసిడర్, ఫియట్ కార్లు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తూనే ఉన్నాయి. కొందరు యజమానులు ముచ్చటపడి వాటిని బాగు చేయిస్తున్నారు. రంగు వేయిస్తారు, సీట్లు కుట్టిస్తారు, బంపర్లకు మెరుగు పెట్టిస్తారు. కాని డ్యాష్ బోర్డు మీది మీటర్లను మాత్రం పట్టించుకోరు. బండి నడుస్తోంది కదా, ముళ్ళతో పనేముందని అనుకుంటారు. ఈ ధోరణి సరైనది కాదు.

పెట్రోలు ముల్లు పని చేయకపోతే, రోగిని ఆస్పత్రికి తీసుకుపోతున్న కారు అర్ధరాత్రి కాలువ గట్టు మీద ఆగిపోవచ్చు. రేడియేటరులో నీరు మరుగుతున్న సంగతి టెంపరేచరు ముల్లు చెప్పకపోతే హెడ్ గాస్కెట్ పోతుంది. ఆయిలు ప్రెషరు పడిపోయిన సంగతి తెలియకపోతే ఇంజను పట్టేస్తుంది. మీటరుకు ఖర్చెందుకని వదిలేసినవారు ఇంజనుకు అంతకు ఎన్నో రెట్లు పెట్టుకోవలసి వస్తుంది. స్పీడు మీటరు సంగతి సరే, అది ఉండి తీరాలని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఫియట్ అంతకు ముందే ఆగింది. అందువల్ల పాత మీటరు పీకేసి, బజారులో దొరికిన మరొకటి బిగించడం కొందరికి అలవాటైంది. ట్యాంకులోని బెండు పంపే కరెంటుకు, మీటరుకు పొంతన ఉండాలి. పొంతన లేకపోతే సగం ట్యాంకు ఉన్నా నిండుగా ఉన్నట్లు చూపుతుంది. పని చేయని ముల్లు కంటే అబద్ధం చెప్పే ముల్లే ప్రమాదం.

చాలాసార్లు లోపం అసలు మీటరులోనే ఉండదు. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో వైర్ల కొసలకు చిలుము పడుతుంది, ఎర్త్ వదులవుతుంది. ముందు వాటిని శుభ్రం చేయించాలి. తరువాత ట్యాంకులోని బెండును, గేరుబాక్సు నుంచి స్పీడు మీటరుకు వచ్చే కేబులును చూడాలి. మీటరు విప్పడం అన్నిటికంటే చివరి పని. అంతకు ముందు బ్యాటరీ వైరు తప్పక తీయాలి. కొన్ని పాత కార్లలో టెంపరేచరు మీటరుకు ఇంజను దాకా సన్నని రాగి గొట్టం ఉంటుంది. దాన్ని తెంపితే మీటరు పనికిరాదు. చీకట్లో మెరిసేందుకు 1960లకు ముందటి కొన్ని విదేశీ మీటర్ల అంకెలకు రేడియం పూసేవారు. వాటిని గీకరాదు.

ఇంకొక అనాచారం కూడా ఉంది. మీటరు విప్పిన అదనులో కిలోమీటర్ల అంకెలను వెనక్కి తిప్పి, తక్కువ తిరిగిన కారని అమ్మడం. ఇది పచ్చి మోసం. మీటరు మార్చవలసి వస్తే పాత అంకె ఎంతో బిల్లు మీద రాయించుకోవాలి. కొనేవారు ఆ బిల్లు అడగాలి.

యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలను వింటేజి వాహనాలుగా రిజిస్టరు చేసేందుకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అటువంటి కార్లకు అసలు మీటర్లే అందం. పైన తళుకులు ఎన్ని ఉన్నా, డ్యాష్ బోర్డు మారిపోతే పాత కారు పాత కారు కాదు.

అయితే బాగు చేసేవారు ఏరీ? ఈ పని తెలిసిన మెకానిక్కులు వృద్ధులవుతున్నారు. వారి చేతిలోని విద్య వారితోనే పోరాదు. ఈ ప్రాంతపు ఐ.టి.ఐ.లు అటువంటి మెకానిక్కులను పిలిపించి మోటారు మెకానిక్ విద్యార్థులకు ఏటా కొన్ని రోజులైనా నేర్పించాలి. ట్రాక్టర్లలోనూ ఆయిలు, టెంపరేచరు ముళ్ళు ఉన్నాయి కనుక ఆ విద్య రైతులకూ అక్కరకు వస్తుంది. తుక్కు ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు చేసి పేరు తెచ్చుకున్న ఊరు తెనాలి. పాత వస్తువు విలువ మనకు ఎవరో చెప్పనక్కరలేదు.

కారు యజమానులు ఈసారి షెడ్డుకు వెళ్ళినప్పుడు రంగు సంగతి తరువాత చూసుకుని, ముందు ముళ్ళ సంగతి అడగాలి.