చేపను చూసి దించాలి!

అమ్మ సియాటిల్ వెళ్లి నెల దాటింది. అప్పటిదాకా ఫోన్లో చలి గురించి, వాన గురించి, మనవడి అల్లరి గురించి చెప్పిన మనిషి ఆ రోజు ఒకటే మాట అంది. ‘‘ఇక్కడ చేప వండటానికి నేను పనికిరానంట!’’

ఆ మాట విని మాకు నోట మాట రాలేదు. రాజమండ్రి పక్క పల్లెలో అమ్మ చేపల పులుసు పెట్టిందంటే వీధి చివరి ఇంటికి కూడా తెలిసేది. పులస కాలంలో అయితే బంధువులు ఏదో ఒక పని కల్పించుకుని మరీ వచ్చేవారు. అలాంటి చేతికి అమెరికాలో ఏమొచ్చింది?

వచ్చింది వంటకు కాదు, వాసనకు. అక్కవాళ్లది చెక్క ఇల్లు. చలికి కిటికీలన్నీ బిగించి ఉంటాయి. అమ్మ మెంతులు, ఆవాలు వేసి పోపు పెట్టగానే పొగను పసిగట్టే అలారం మోగింది. పులుసు వాసన మూడు రోజులు దుప్పట్లను వదల్లేదు. అదీ ఫర్వాలేదు. కానీ ఎనిమిదేళ్ల మనవడు ముక్కు మూసుకుని ‘బ్యాడ్ స్మెల్’ అంటూ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అమ్మకు గుచ్చుకున్నది అదీ.

వాడు చేప తినడని కాదు. తింటాడు... అక్క శనివారం చేసే ఒకే ఒక్క రకం. సాల్మన్ ముక్క మీద మెత్తటి చీజ్‌లో ఆకులు కలిపి రాసి ఓవెన్లో పెట్టినది. ‘పులుసు లేదు, పోపు లేదు, అదీ ఒక చేపేనా?’ అనుకుంది అమ్మ. ఆ పైన, మనవడి కోసం తనే చేయాలనీ అనుకుంది.

నలభై నిమిషాల పాఠం

అక్క ఆఫీసులో ఉన్న రోజు అమ్మ రంగంలోకి దిగింది. ముక్కల మీద చీజ్ దట్టంగా పట్టించి ఓవెన్లో పెట్టింది. పది నిమిషాలకు చూస్తే చీజ్ తెల్లగానే ఉంది. ఇరవై నిమిషాలకూ అంతే. పులుసు దగ్గరపడిందా, నూనె పైకి తేలిందా అని చూసి దించే అలవాటు కదా! ఇక్కడ పైపొర ఎర్రబడితే ఉడికినట్టేమో అనుకుని వేడి పెంచింది. నలభై నిమిషాలకు చీజ్ అంచులు ఎర్రబడ్డాయి. చేప మాత్రం కొబ్బరి పీచులా తయారైంది. పక్కల నుంచి తెల్లటి ముద్దలు బయటికొచ్చాయి. మనవడు పైనున్న చీజ్ గీక్కుని తిని, చేపను పళ్లెంలో వదిలేశాడు.

ఈ వంట మొదటిసారి చేసేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది. పైన రాసే చీజ్‌లో తేమ ఎక్కువ. ఆ తేమ ఆరేదాకా అది రంగు మారదు. ఈలోగా కింద ఉన్న చేప ఉడికిపోతుంది, ఆ తర్వాత ఎండిపోతుంది. కోడిమాంసం, మేకమాంసంతో పోలిస్తే చేపలో కండను పట్టి ఉంచే గట్టి పదార్థం చాలా తక్కువ. కొద్ది వేడికే అది కరిగి పొరలు విడిపోతాయి. ఇంకా వేడి తగిలితే కండ బిగుసుకుని లోపలి నీటిని బయటికి తోసేస్తుంది. అమ్మకు కనిపించిన తెల్లటి ముద్ద చీజ్ కాదు, చేపలోంచి కారి గడ్డకట్టిన ప్రొటీన్. అది కొద్దిగా కనిపిస్తే ఫర్వాలేదు. ముద్దలు ముద్దలుగా వస్తే మాత్రం మంట ఎక్కువైందనో, ఆలస్యమైందనో అర్థం.

పులుసులో ముక్క చుట్టూ ద్రవం ఉంటుంది. కాస్త ఆలస్యమైనా కాపాడుతుంది. ఓవెన్లో చుట్టూ ఉండేది పొడి వేడిగాలి. అందుకే చీజ్ కప్పేది. అది చేప పైభాగం ఆరిపోకుండా గొడుగులా అడ్డుపడుతుంది. కాకపోతే గొడుగు కింద ఏం జరుగుతోందో పైనుంచి కనిపించదు. ముక్క పక్కనుంచి చూడాలి. అక్క అమ్మకు చెప్పిన చిట్కా అదొక్కటే: ‘‘చీజ్‌ను చూసి కాదమ్మా, చేపను చూసి దించాలి.’’

పులసకు దూరపు చుట్టం!

ఆ తర్వాతి జులైలో అక్క అమ్మను బ్యాలర్డ్ లాక్స్ చూడటానికి తీసుకెళ్లింది. సముద్రపు నీటికీ, సియాటిల్‌లోని సరస్సులకూ మధ్య పడవలు దాటేందుకు 1917లో ప్రారంభించిన కట్టడం అది. చేపలు పైకి ఎక్కేందుకు పక్కనే 21 మెట్ల నిచ్చెన ఉంది. మెట్టు మెట్టుకూ నీళ్లు దూకుతుంటే సాల్మన్లు ఎదురెక్కుతుంటాయి. నేల కింద గదిలో అద్దాల కిటికీల్లోంచి వాటిని చూడొచ్చు. జులైలో ఎక్కువగా వచ్చేవి సాకై అనే ఎర్ర సాల్మన్లు.

సాల్మన్ మంచినీటి వాగులో పుడుతుంది. సముద్రానికి వెళ్లి ఏళ్ల తరబడి పెరుగుతుంది. గుడ్లు పెట్టే వేళకు మళ్లీ పుట్టిన చోటికే వస్తుంది. పుట్టిన వాగు నీటి వాసన దానికి గుర్తుంటుంది. చివరి దశలో దారి చూపేది ఆ వాసనే. పసిఫిక్‌లోని సాకై, కింగ్, కోహో లాంటి రకాలు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి.

అమ్మ అద్దం ముందు చాలాసేపు నిలబడిందట. గోదావరి పక్కన పుట్టినదానికి ఇది కొత్త కథేం కాదు. సముద్రంలో ఇలసగా తిరిగే చేప వరద నీటికి గోదావరికి ఎదురీదుతూ వచ్చి పులస అవుతుంది. రెండూ ఒక జాతివి కావు. పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి వెళ్లగలదు కూడా. కానీ ఉప్పునీటి నుంచి మంచినీటికి చేసే ప్రయాణం ఒకటే, ఒంటి నిండా ఉండే కొవ్వు ఒకటే, ఆ కొవ్వు వల్ల వచ్చే రుచీ ఒకటే. ‘‘ఇది మన పులసకు దూరపు చుట్టమే’’ అని తేల్చేసింది అమ్మ. పక్కనున్న మనవణ్ని చూసి, ‘‘చేపకే పుట్టింటి వాసన గుర్తుంటే నువ్వేంట్రా ముక్కు మూసుకుంటావ్?’’ అందట. వాడికి సగం అర్థమై నవ్వాడు.

పత్రిక తప్పు రాస్తే...

మరి ఆకుల చీజ్ ఎక్కడిది? రెండు ఊళ్ల కథ ఇది. రొట్టె మీద రాసుకునే మెత్తటి క్రీమ్ చీజ్‌ను 1870ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ అనే ఊళ్లో విలియం లారెన్స్ అనే పాల వ్యాపారి తయారుచేసి అమ్మాడు. 1880లో దానికి ‘ఫిలడెల్ఫియా’ పేరు పెట్టారు. ఆ నగరంలో తయారైనందుకు కాదు, అక్కడి పాల సరుకుకు మంచి పేరుండటం వల్ల.

వెల్లుల్లి, ఆకులు కలిపిన చీజ్‌కు పేరు తెచ్చినవాడు ఫ్రాన్స్‌లోని నార్మండీకి చెందిన ఫ్రాంస్వా బూర్సాన్. 1957లో ఆయన మెత్తటి చీజ్ తయారీ మొదలుపెట్టాడు. 1961లో ఒక పత్రిక ఆయన వెల్లుల్లి చీజ్ తెస్తున్నాడని పొరపాటున రాసింది. నిజానికి అది చేసింది వేరేవాళ్లు! కానీ జనం ఆ చీజ్ కావాలని అడగటం మొదలెట్టారు. బూర్సాన్ ఖండన ఇచ్చి ఊరుకోలేదు. రెండేళ్లు కష్టపడి, 1963లో నిజంగానే వెల్లుల్లి, ఆకుల చీజ్‌ను తెచ్చాడు. పత్రికల తప్పు వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే మాలాంటి వాళ్లకు అదో తృప్తి!

ఇలా చేయండి...

కావలసినవి (నలుగురికి): ముళ్లు తీసిన సాల్మన్ పలక 600 గ్రాములు (నాలుగు ముక్కలు), క్రీమ్ చీజ్ 120 గ్రాములు, సన్నగా తరిగిన సోయకూర రెండు చెంచాలు, ఉల్లికాడల తరుగు రెండు చెంచాలు, వెల్లుల్లి రెండు రెబ్బలు, మిరియాల పొడి అర చెంచా, నిమ్మకాయ ఒకటి, రొట్టె పొడి రెండు చెంచాలు, నూనె ఒక చెంచా, ఉప్పు తగినంత.

తయారీ: గడ్డకట్టిన చేపైతే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. వేలితో ముక్క మీద నిమిరితే సన్నటి ముళ్లు తగులుతాయి. వాటిని పట్టకారుతో లాగేయాలి. తడి పూర్తిగా అద్ది, కొద్దిగా ఉప్పు రాసి పది నిమిషాలుంచాలి. తడి ఉంటే చీజ్ జారిపోతుంది. ఈలోగా ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేయాలి. చీజ్‌లో ఆకులు, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి, నిమ్మతొక్క తురుము కలపాలి. చీజ్‌లో ఉప్పుంటుంది కాబట్టి మళ్లీ వేయొద్దు. నూనె రాసిన పళ్లెంలో ముక్కల్ని తోలు కిందికి వచ్చేలా పెట్టి, మిశ్రమాన్ని అర సెంటీమీటరు మందాన పరవాలి. అంతకంటే ఎక్కువ వద్దు. పైన రొట్టె పొడి చల్లాలి. అంగుళం మందం ముక్కకు 12 నుంచి 15 నిమిషాలు చాలు.

పన్నెండో నిమిషంలో ముక్క పక్క నుంచి ఫోర్కు గుచ్చి కొద్దిగా తిప్పండి. పొరలు తేలిగ్గా విడిపోతే, లోపల గాజులా మెరిసే రంగు పోతే ఉడికినట్టే. థర్మామీటర్ ఉంటే మధ్యలో 63 డిగ్రీలు రావాలన్నది అమెరికా ఆహార భద్రతా నిబంధన. బయటికి తీశాక మూడు నిమిషాలు ఆగి, నిమ్మరసం పిండి వడ్డించాలి. తీశాక కూడా లోపలి వేడి కాసేపు పనిచేస్తూనే ఉంటుంది. పెంపకం సాల్మన్‌లో కొవ్వు ఎక్కువ, కాస్త ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది. సముద్రంలో పట్టిన సాకైలో కొవ్వు తక్కువ. రెండు నిమిషాలు ముందే చూడాలి.

మన ఊళ్లో అయితే?

పెద్ద నగరాల్లో కొన్ని దుకాణాల్లో నార్వే నుంచి వచ్చే సాల్మన్ దొరుకుతుంది, ఖరీదెక్కువ. ‘ఇండియన్ సాల్మన్’ అని అమ్మేది మాత్రం మన మాగ చేప. దానికీ సాల్మన్‌కూ చుట్టరికం లేదు, కండ కూడా ఆ రంగులో ఉండదు. అయినా ఈ వంటకు బాగుంటుంది. పండుగప్ప ఇంకా నప్పుతుంది. పులసతో మాత్రం ఈ ప్రయోగం వద్దు. అన్ని ముళ్లున్న చేపను పిల్లల ముందు పెట్టలేం, పైగా అది పులుసు కోసమే పుట్టింది.

క్రీమ్ చీజ్ లేకపోతే గడ్డ పెరుగును పల్చటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో నీరోడ్చి, రెండు చెంచాల మీగడ కలపండి. నీళ్లు మిగిలితే విరుగుతుంది, జాగ్రత్త. సోయకూర తెలంగాణలో ఆకుకూరల బండి మీదే దొరుకుతుంది. లేదంటే కొత్తిమీర ఉండనే ఉంది.

అమ్మ చేసిందీ అదే. రెండోసారి సోయకూర తగ్గించి కొత్తిమీర కలిపింది. పన్నెండు నిమిషాలకు అక్క తలుపు తీయిస్తే ‘‘పచ్చిగా ఉంటుందే’’ అని గొణిగింది కానీ, ముక్క విప్పి చూసి ఊరుకుంది. మనవడు చేప కూడా తిన్నాడు. మూడో శనివారం చీజ్‌లో ఒక పచ్చిమిర్చి పడింది. నాలుగోవారం చిటికెడు వేయించిన ధనియాల పొడి. ఐదోవారం పళ్లెం పక్కన చిన్న గిన్నెలో ‘సాస్’ అంటూ ఒకటి వచ్చింది. చింతపండు, బెల్లం, మెంతిపొడి... పోపు లేదంతే. వాడు ముక్కను అందులో ముంచుకుని తిని, ‘ఇదేంటి అమ్మమ్మా?’ అని అడిగాడు. అమ్మ పేరు చెప్పలేదు. ‘‘ముందు తిను’’ అంది.

అమ్మ తిరిగొచ్చి రెండేళ్లయింది. పోయిన శనివారం వాడు వీడియో కాల్ చేశాడు. మొదటిసారి తనే చేప చేస్తున్నాడట. ఫోన్ ఓవెన్ వైపు తిప్పి, ‘‘అమ్మమ్మా, పన్నెండు నిమిషాలైంది. చీజ్ ఇంకా తెల్లగానే ఉంది. ఇంకాసేపు ఉంచనా?’’ అని అడిగాడు.

‘‘చీజ్‌ను చూడకు నాన్నా... తలుపు తీసి చేపను చూడు’’ అంది అమ్మ.